పాలపిట్ట హాజరు

మే నెల రెండో ఆదివారం ఉదయం ఆరు గంటలకల్లా సీతాకోక చిలుకలు, చిమ్మటలు, పక్షులు నంగునూరు దారిలోని మా వనంలో లెక్కకు అందుబాటులో ఉండాలని వన శోభ కమిటీ తరఫున ప్రకటన ఇచ్చాం. అవి ఆరింటికే వచ్చాయి. ముఖ్య అతిథి పదిన్నరకు వచ్చారు. వేళకు రావడం హోదా లేనివాళ్ల లక్షణమని ఆ జీవులకు ఎవరూ చెప్పినట్టు లేదు.

నేను ఆ కమిటీకి పత్రికా కార్యదర్శిని. అధ్యక్షులు కాశీనాథం గారు, సిద్దిపేటలో పేరున్న బట్టల వ్యాపారి. వారి ప్రకృతి ప్రేమ అంతా ఇంతా కాదు. వనంలో అడుగుపెట్టారంటే ఏదో ఒకటి కొట్టించి గాని ఇంటికి పోరు.

చిమ్మటల లెక్కకు హైదరాబాదు నుంచి వర్షిత అనే పరిశోధకురాలు వచ్చింది. దీపం ముందు తెల్లగుడ్డ కట్టి ఉంచితే చిమ్మటలు వచ్చి వాలతాయని, తెల్లారాక చూసి రాసుకోవచ్చని ముందే కబురు పెట్టింది. గుడ్డను అధ్యక్షులవారే ఉచితంగా ఇచ్చారు. దాని మీద దుకాణం పేరు, ఫోన్ నంబరు, 'పెండ్లి పట్టుచీరలపై ప్రత్యేక తగ్గింపు' అన్న ముక్క అచ్చు వేయించారు. నలభై మూడు రకాలు వాలాయి. మా సరుకు నాణ్యతకు ఇంతకన్నా రుజువేం కావాలని వారు మైకులో అడిగారు. తన బట్టకు చిమ్మట పట్టిందని గర్వంగా చాటుకున్న మొదటి బట్టల వ్యాపారి బహుశా వారే.

సీతాకోక చిలుకల కోసం తంగేడు, జిల్లేడు పొదలన్నీ పీకించి, వాటి స్థానంలో సిమెంటుతో ఆరడుగుల సీతాకోక చిలుకను ఫొటోల కోసం కట్టించాం. అసలువి దాని దగ్గరికి రాలేదు. నీళ్ల ట్యాంకరు కారిన చోట బురద మీద ముప్పై దాకా వాలి కనబడ్డాయి. అతిథులు జారిపడతారని ఆ బురద మీద వెంటనే మొరం పోయించాం.

ఇక మిగిలింది వనం నడుమనున్న తాటి మోడు. తల రాలిపోయి ఏళ్లయింది. పది గంటలకు అతిథి బయలుదేరినట్టు ఫోన్ రాగానే, వేదిక మీద ఫొటో తీస్తే వెనక ఆ మోడు కనబడుతుందని అధ్యక్షులు గమనించారు.

"ఎండిన చెట్టు ముంగట పచ్చదనం గురించి ఎట్ల మాట్లాడాలె? కొట్టెయ్ నజీర్," అన్నారు, రంపం మిషను పట్టుకొచ్చిన నజీర్‌తో.

ఆరేళ్లుగా వనానికి నీళ్లు పెడుతున్న కొండవ్వ మోడుకు అడ్డంగా నిలబడింది. "వద్దు సేటు. దీని తొర్రల పాలపిట్ట పిల్లలున్నయి, రెండు. పదిరోజులైతే ఎగిరిపోతయి. అటెన్క నేనే దగ్గరుండి కొట్టిపిస్త."

"పదిరోజులు పెద్దసారును గేటు కాడ నిలవెట్టాల్నా?"

నజీర్ మోడుకు చెవి ఆనించాడు. "లోపట అరుస్తున్నయి సేటూ."

"మిషను చాలూ చెయ్యి, వినవడదు."

శాస్త్రీయమైన పరిష్కారం. నిజంగానే వినబడలేదు. నజీర్ పుణ్యాత్ముడు, తొర్రకు కిందుగా కోసి, తాడు కట్టి మెల్లగా దించాడు. కొండవ్వ రెండు పిల్లలనూ కొంగులోకి తీసుకుంది. మోడు ట్రాక్టర్లో వెళ్లిపోయింది. పిల్లలను డబ్బాలో పెట్టి ఇక్కడే ఎత్తున కడితే తల్లి వచ్చి మేపుతుందని వర్షిత చెప్పింది. ఉన్న ఒక్క డబ్బాలో జ్ఞాపికలున్నాయి. కార్యక్రమం అయ్యాక చూద్దామన్నాం.

మండుటెండలో ముఖ్య అతిథికి మూడు శాలువాలు కప్పాం. అధ్యక్షులు ప్రసంగించారు: "పక్షి మన అతిథి! పక్షికి గూడు మన గుండె! ఈ వనంల ప్రతి పక్షికి నేను సొంత అన్నను!" చప్పట్లు మోగాయి. తరువాత అతిథి మా వనానికి మార్కులు వేసే ఫారం తీశారు. అందులో మొదటి గడి రాష్ట్ర పక్షిది. పాలపిట్ట కనబడకపోతే 'ఉత్తమ వనం' పత్రం రాదట. కమిటీ అంతా ఆకాశం వైపు చూసింది.

"పొద్దుగాల ఉన్నదన్నవ్ గద, యాడుంది?" అని అధ్యక్షులు కొండవ్వను అడిగారు.

"దాని ఇల్లు ట్రాక్టర్ల పోయింది సేటు."

అంతలో వచ్చింది. నీలి రెక్కలు విప్పి, నోట మిడతతో, మోడు ఉన్న చోటు చుట్టూ రెండుసార్లు తిరిగి, వాలడానికి వేరే ఆసరా లేక మా ఫ్లెక్సీ కర్ర మీద వాలింది. సరిగ్గా అధ్యక్షుల ఫొటో నెత్తిన! దసరా నాడు శుభమని పొలాల వెంట తిరిగినా దొరకని దర్శనం నడి ఎండాకాలంలో కాళ్ల దగ్గరికి వచ్చింది. అందరం చెప్పులు విడిచాం. కాలుతున్న నేల మీద చేతులు జోడించి ముందుకు తోసుకున్నాం.

"అది మీకు దర్శనమియ్య రాలే," అన్నది కొండవ్వ. "పిల్లలను దేవులాడుకుంటున్నది. నీ కాల్మొక్త సారు, జర దూరం జరుగుండ్రి. దిగి మేపుకుంటది."

"నువ్వే జరుగవ్వా, ఫొటోల అడ్డమొస్తున్నవ్," అన్నారు ఎవరో. ఎవరో ఏమిటి, నేనే అన్నాను.

ఒక్కరూ కదల్లేదు. చేతికందిన శుభాన్ని వదులుకుని వెనక్కి జరిగే మూర్ఖులు సిద్దిపేటలో ఉండరు. కొండవ్వ ఒక్కతే దండం పెట్టలేదు. ఆమె కొంగులో రెండు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. పిట్ట చాలాసేపు కర్ర మీద అటూ ఇటూ నడిచింది, గట్టిగా అరిచింది, చివరికి మిడతను తానే మింగి ఎగిరిపోయింది. ఫారంలో 'ఉంది' అని రాసి సంతకాలు చేశాం.

దర్శనమైనప్పుడు మనసులో కోరిక కోరుకోవాలి కదా, నేనూ కోరుకున్నాను. అదేమిటో పైకి చెబితే ఫలించదంటారు కనుక చెప్పను. ఆ పిట్టకు పనికొచ్చేది మాత్రం కాదు. మీరు నా పక్కన నిలబడి ఉన్నా ఇలాంటిదే కోరుకునేవారని నాకు గట్టి నమ్మకం.