సర్వేయరు తల ఊపాడు

ఆదివారం పొద్దున్నే పెరటి కుళాయికి వాషరు మార్చాలని సర్వేయరు ముందురోజే నిర్ణయించుకున్నాడు. ఉద్యోగం నుంచి దిగిపోయి చాలాకాలమైనా వీధిలో ఆయనకు ఆ పేరే మిగిలింది. స్పానరు పట్టుకుని ఇంకా వంగనైనా లేదు, మనవరాలు కెమెరా, మైకు, మూడు కాళ్ల స్టాండు మోసుకొచ్చి ఆయన ముందు నిలబెట్టింది.

ఆ పిల్ల కాలేజీలో జర్నలిజం చదువుతోంది. పుస్తకాలు చదివింది చాలు, ఇక చేతులతో చేయండని కాలేజీవాళ్లు ఈ ఏడాది శిక్షణ పెట్టారు. ఆ శిక్షణ సర్టిఫికెట్ లేనిదే ఏ పత్రికవాళ్లూ గడప ఎక్కనివ్వరు. నేర్పే మేడమ్ వార్తల్లో నలిగి వచ్చిన మనిషి. ఈ వారం ఆవిడ ఇచ్చిన పని ఏమిటంటే, ఒకరితో ఒకరికి మాటల్లేని ఇద్దరిని పట్టుకుని వాళ్ల కథ మూడు నిమిషాల్లో చూపించాలి. బాగా వస్తే ఊరి కేబుల్ చానల్లో వేస్తారు. తక్కిన పిల్లలు అలాంటి ఇద్దరి కోసం ఊరంతా గాలిస్తున్నారు. మనవరాలికి ఆ అవస్థ లేదు. ఒకడు ఇంట్లోనే ఉన్నాడు, రెండోవాడు పక్కింట్లో.

పక్కింటి మనిషి టైలరు. సర్వేయరు భార్యకు సొంత తమ్ముడు. రెండు పెరళ్ల మధ్య గోడలో చిన్న తలుపుంది. ఆవిడ ఉన్నన్నాళ్లూ అది మూతపడి ఎరగదు. ఆవిడ పోయిన రోజున పదిమందిలో టైలరు ఒక మాట అన్నాడు. మర్నాడు సర్వేయరు ఆ తలుపుకు మేకులు కొట్టాడు. బంధువులు రాజీ చేయబోయారు, కుదరలేదు. టైలరన్నవాడు గుడ్డలో రెండు వేళ్లు వదిలి కుడతాడు. సర్వేయరన్నవాడు నేలలో వెంట్రుకవాసి వదలడు.

"తాతయ్యా, పక్కింటి తాతయ్యతో ఎందుకు మాట్లాడవు?"

"కుళాయి కారుతోంది. జరుగు."

ఎన్ని విధాల అడిగినా "చెప్పేదేం లేదు" అన్న ముక్క తప్ప ఆయన నోట్లోంచి ఏమీ రాలలేదు. చివరికి ఆ పిల్ల, పోనీ ఎవరో చెబుతుంటే వింటున్నట్టు ఊరికే తల ఊపమంది. చెబుతున్నదెవరని ఆయన అడిగాడు. ఎవరూ లేరు, గోడకేసి చూస్తూ ఊపమంది. కెమెరా పనిచేస్తోందో లేదో చూసుకుంటోంది కాబోలు అనుకున్నాడు. ఆ ఇంట్లో ఆయన తీసెయ్యలేని మాట మనవరాలిదొక్కటే. నెమ్మదిగా ఒకసారి, గట్టిగా ఒకసారి, దీర్ఘంగా ఆలోచిస్తున్నట్టు ఒకసారి గంగిరెద్దులా ఊపి, తరవాత వాషరు మార్చుకున్నాడు.

శుక్రవారం సాయంత్రం కోడలు టీవీ పెట్టి అందరినీ కూర్చోబెట్టింది. తెరమీద టైలరు కుట్టుమిషను ముందు కూర్చుని, మెడలో టేపు వేలాడుతుండగా అక్కయ్య సంగతులు చెబుతున్నాడు. సర్వేయరు ముఖం పక్కకి తిప్పుకున్నాడు గానీ చెవులు తిప్పుకోలేకపోయాడు.

"మా అక్కయ్యని ఒక్కరోజు ముందు ఆస్పత్రికి తీసుకెళ్లాల్సింది," అన్నాడు టైలరు. "తప్పు మా బావదే."

వెంటనే తెరమీద సర్వేయరు ముఖం వచ్చింది. దీర్ఘంగా ఆలోచించి, నెమ్మదిగా, నిండుగా తల ఊపింది.

తాగుతున్న కాఫీ సర్వేయరుకు పొలమారింది. కొడుకు లేచి ఆయన వీపు నిమిరాడు. అది దగ్గని కొడుకు అనుకోలేదు, దుఃఖమనుకున్నాడు. ఇన్నేళ్లకైనా మీ మనసు తేలికపడింది నాన్నా అన్నాడు. సర్వేయరు ఏదో అనబోయాడు. దగ్గు అననివ్వలేదు.

తెల్లారేసరికి ఆ తల ఊపు వీధి దాటింది. పాలవాడు గేటు దగ్గర సైకిలు ఆపి పెద్ద మనసని మెచ్చుకున్నాడు. వెనకింటాయన వచ్చి, వానగొట్టం ఇటువైపు తిప్పుకుంటానని అడిగాడు. మీరు తల ఊపే మనిషని తెలిస్తే ఎప్పుడో అడిగేవాణ్ణి కదా అని నిష్ఠూరం కూడా ఆడాడు. పెన్షనర్ల సంఘంలో కుర్చీల కోసం కొట్టుకుంటున్న రెండు వర్గాలకూ సర్వేయరే పెద్దమనిషిగా ఉండాలని కార్యదర్శి పట్టుబట్టాడు.

"నేను తల ఊపలేదయ్యా," అన్నాడు సర్వేయరు.

"గొప్పవాళ్లు చేసింది చెప్పుకోరు లెండి," అన్నాడు కార్యదర్శి.

ఇంతలో పెరట్లోంచి చప్పుడు వినిపించింది. వెళ్లి చూస్తే వడ్రంగి తలుపు మేకులు పీకుతున్నాడు. అతన్ని పిలిపించింది కోడలు. మామయ్య ఒప్పుకున్నాక తలుపెందుకు మూసుండాలని ఆవిడ ఉద్దేశం. సర్వేయరు ఆపమన్నాడు. ఇప్పుడు వద్దని ఎందుకంటున్నారో వడ్రంగికి అర్థం కాలేదు. "టీవీలో మా ఇంటిల్లిపాదీ చూశామండీ," అంటూ ఇంకో మేకు పీకాడు. అతన్ని బయటికి పంపేసరికి తలుపుకు ఒక్క మేకు మిగిలింది. టైలరు మాత్రం దుకాణం తియ్యలేదు, వీధిలోకే రాలేదు. బావ ఔదార్యానికి కరిగిపోయి లేవలేకపోతున్నాడని వీధి తీర్మానించింది.

చానలుకు వెళ్లి నిలదీయాలని సర్వేయరు చెప్పులు వేసుకున్నాడు. మెట్ల మీద మనవరాలు ముఖం మోకాళ్లలో పెట్టుకుని కూర్చుని ఉంది. అడిగితే చెప్పింది. పక్కింటి తాతయ్య గంటసేపు మాట్లాడాడు. దాన్ని కోసినచోటల్లా బొమ్మ ఎగిరిపడింది. కోత కనబడకుండా వింటున్నవాళ్ల ముఖం పైన వెయ్యాలని మేడమ్ నేర్పింది. ఈ పిల్ల సర్వేయరు ముఖం వేసేసింది. ఎడిటింగులో ఆ మాటలు అన్నిసార్లు విన్నాక, వాటికి అర్థం ఉంటుందన్న సంగతే మరిచిపోయింది.

"తప్పేముంది? వాడు చెప్పాడు, నువ్వు వేశావు."

"వినని మనిషి ముఖం విన్నట్టు వెయ్యకూడదు తాతయ్యా. అది అబద్ధం కింద లెక్క. అలా చేసినవాళ్లని తీసేస్తానని మేడమ్ మొదటిరోజే చెప్పింది."

సర్వేయరు చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు.

మేడమ్‌కు అనుమానం రానే వచ్చింది. చెప్పేవాడి మీద దీపం వెలుతురు, వినేవాడి మీద పొద్దుటి ఎండ. ఒకే మాటకి ఒకరికి రాత్రి, ఇంకొకరికి పగలు ఎలా అయిందని ఆవిడ మనవరాలిని అడిగింది. సోమవారం ఇద్దరు పెద్దమనుషులనూ కాలేజీకి రమ్మని కబురు పెట్టింది.

ఎడిటింగ్ గది అగ్గిపెట్టెంత ఉంది. కుర్చీలు రెండే కావడంతో బావా బావమరదులు భుజాలు రాసుకుంటూ కూర్చోవలసి వచ్చింది. మనవరాలు తలుపు దగ్గర నిలబడింది. మేడమ్ ఆ ముక్క మళ్లీ వేసి చూపించి, సర్వేయరు వైపు తిరిగింది.

"మీరు ఈ మాటకే తల ఊపారా?"

కాదంటే పిల్ల శిక్షణ పోతుంది. అవునంటే భార్య చావు తన నెత్తిన పడుతుంది, అదీ వీడి పక్కన కూర్చుని. సర్వేయరు జీవితంలో తప్పుడు కొలత రాసి ఎరగడు.

"అవును," అన్నాడు. "ఈ మాటకే."

"అబద్ధం," అన్నాడు టైలరు.

గదిలో అందరూ అతని వైపు చూశారు. "మా బావ ఆ మాటకి తల ఊపే మనిషి కాదండీ. అసలు నేను అన్న మాటే అది కాదు. ఏ ముఖం పెట్టుకుని దుకాణం తియ్యను? మొత్తం వెయ్యండి."

మేడమ్ కొయ్యని అసలు రికార్డు తెరిచింది. సరిగ్గా 'తప్పు మా బావదే' అనగానే దుకాణం ముందునుంచి మోటారుసైకిలు ఒకటి పోయింది. ధ్వని పాడైందని పిల్ల ఆ ముక్క కోసి పారేసింది. మేడమ్ హెడ్‌ఫోన్లు తీసి సర్వేయరు చెవులకు తగిలించింది. మోటారుసైకిలు రొద అడుగున టైలరు గొంతు చెబుతోంది: "తప్పు మా బావదే అని ఆ రోజు నోరు జారాను. నాకూ అక్కే కదా, తట్టుకోలేక అనేశాను. మా బావ చేయని ప్రయత్నం లేదు."

సర్వేయరు దాన్ని రెండోసారి వెయ్యమన్నాడు. విన్నాడు. చెవులు మూసుకుని ఉన్నందువల్ల తన గొంతు ఎంత పైకి లేచిందో ఆయనకు తెలియలేదు. వరండాలో పిల్లలు కూడా ఆగి విన్నారు.

"ఈ మాట నాకెందుకు చెప్పలేదురా?"

"తలుపుకి మేకులు కొట్టావు కదా బావా," అన్నాడు టైలరు, అంతే గట్టిగా.

"తలుపుకి కొట్టాను. నీ నోటికి కొట్టానా?"

టైలరు మెడలో టేపు తీసి మడత పెట్టాడు, మళ్లీ మెడలో వేసుకున్నాడు. సర్వేయరు హెడ్‌ఫోన్లు తియ్యకుండానే మూడోసారి వెయ్యమని సైగ చేశాడు. మేడమ్ వేసింది.

తరవాత ఆవిడ మనవరాలిని పిలిచింది. ఒక మనిషి మాట సగానికి కోసింది, ఇంకో మనిషి ముఖానికి లేని ఒప్పుదల అంటించింది. పైగా ముసలాయన చేత అబద్ధమాడించింది. నిజానికి తీసెయ్యాలి. అయితే చెడగొట్టిందాన్ని బాగుచేయడం కూడా శిక్షణలో భాగమేనంది. చానల్లో క్షమాపణ చెప్పాలి. ఆ ఇద్దరినీ ఒకే బల్ల మీద కూర్చోబెట్టి, ఎక్కడా కొయ్యకుండా, ఒకే షాటులో మూడు నిమిషాల ముక్క మళ్లీ తీసుకురావాలి. అది కుదరకపోతే సర్టిఫికెట్ సంగతి మరిచిపోవాలి.

మర్నాడు పెరట్లో బల్ల వేశారు. మనవరాలు కెమెరా ఆన్ చేసింది. మొదట ఇద్దరూ బల్లకి చెరో చివరా కూర్చున్నారు. అప్పుడు టైలరు, అక్కయ్యకు తను కుట్టిన నీలం రవిక అంటే ప్రాణమన్నాడు. నీలం కాదు, ఆకుపచ్చ అన్నాడు సర్వేయరు. కుట్టినవాడికి తెలియదా అన్నాడు టైలరు. ఆ చేతులు బిగుతని ఆవిడ రోజూ సణుగుతుంటే విన్నది నేను అన్నాడు సర్వేయరు. అక్కడినుంచి రవిక మీంచి ఆస్పత్రికి, ఆస్పత్రి మీంచి పెళ్లినాటి మాటలకి, ఆవిడ ఎవరిని ఎక్కువ తిట్టేదన్న దానికి వెళ్లారు. ఆ చివరిదాంట్లో ఇద్దరూ తననే అని పోట్లాడుకున్నారు. మధ్యలో ఒకసారి ఇద్దరూ ఒకే తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నారు. దాన్ని కూడా కొయ్యడానికి వీల్లేదు. కెమెరా బ్యాటరీ అయిపోయేదాకా వాళ్లు ఆగలేదు.

మేడమ్ అంతా చూసింది, పాస్ చేసింది. నిడివి ఎక్కువైందని రెండు మార్కులు కోసింది.