నూట ఇరవై తొమ్మిదో పేజీలో శవం

ఆ ఆదివారం ఉదయం బైండరు భార్య పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. తొందరగా ఇంటి పని తెమల్చుకుని, లైబ్రరీకి వెళ్ళి, పాఠకుల సమావేశంలో నాలుగు మాటలు మాట్లాడి రావడం. కార్యక్రమం చిన్నదేగాని దాని వెనక ఏడాది గుండెదడ ఉంది.

ఆ సమావేశంలో ప్రతివారూ తాము చదువుతున్న నవల గురించి అభిప్రాయం చెప్పాలి. ఏడాదిగా ఆమె ఒక్కసారీ మానకుండా వెళ్తోంది. కుర్చీలు సర్దడం, టీ అందించడం తప్ప నోరు విప్పలేదు. లెక్చరరు గారు మొదలుపెడితే ఆపరు. ఆయన ఊపిరి తీసుకునే సందులో బ్యాంకు మేనేజరు గారు దూరతారు. మిగిలిన సందులో చీమ కూడా పట్టదు. కిందటిసారి ఆమె ధైర్యం చేసి గొంతు సవరించుకుంది. "మీవారు అట్ట వేస్తారు, మీరు అట్ట చూస్తారు, అంతేగా?" అన్నారు లెక్చరరు గారు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఇంటికొచ్చి ఏడ్చింది.

మర్నాడే వెళ్ళి అత్తాకోడళ్ళ నవల ఒకటి తెచ్చుకుంది. ఈసారి మొదట తనే మాట్లాడతానని లైబ్రేరియన్‌కు చెప్పి మరీ వచ్చింది. ఆ నవల రాసినావిడే ముఖ్య అతిథిగా వస్తున్నారన్న సంగతి తర్వాత తెలిసింది. అప్పటికి వెనక్కి తగ్గే దారి లేదు.

నవల కుట్లు ఊడిపోయి, పదహారేసి పేజీల మడతలు, బైండర్లు ఫారాలంటారే అవి, ఎక్కడివక్కడ విడిపోయి ఉంటే భర్తే కుట్టి అట్ట వేసి ఇచ్చాడు. ఆయన గొప్ప పనిమంతుడు. పేజీ అంకెలు తప్ప పుస్తకంలో ఇంకేదీ చూడడు. "లోపల చదువుతూ కూర్చుంటే బైండింగు అయినట్టే" అనేది ఆయన సిద్ధాంతం.

"ఏమండీ, ఒక్కసారి వినండి. తప్పులుంటే చెప్పండి."

"నాకేం తెలుసు తప్పులు? చెప్పు, వింటా" అన్నాడాయన, చేతులకు అంటిన జిగురు పాత గుడ్డకు తుడుచుకుంటూ.

ఆమె అద్దం ముందు నిలబడి మొత్తం అప్పజెప్పింది. ఆయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా భార్య గొంతు వణకకుండా అంతసేపు మాట్లాడటం చూసి మనసు నిండిపోయింది.

"బ్రహ్మాండం. ఇలాగే చెప్పు. ఎవడికీ భయపడకు."

ఆమె వెళ్ళిపోయింది. ఆయన బల్ల మీదున్న రెండో పుస్తకం అందుకున్నాడు. అదీ లైబ్రరీదే, డిటెక్టివు నవల. రెండూ ఒకే రోజున కుట్టాడు. జిగురు సరిగ్గా పట్టిందో లేదోనని చివరి పేజీ తిప్పాడు. పెళ్ళాం అంత చదివిందన్న గర్వంలో, జన్మలో మొదటిసారి, ఆ చివరి వాక్యం చదివాడు.

"అత్తగారు కళ్ళొత్తుకుంటూ బీరువా తాళంచెవి కోడలి చేతిలో పెట్టింది."

ఆయన అట్ట చూశాడు. తుపాకీ పట్టుకున్న డిటెక్టివు. మళ్ళీ చివరి పేజీ చూశాడు. అత్తగారు. రెండు నవలలూ ఒకే కొలత, ఒకేలా పసుపెక్కిన కాగితం. నూట ఇరవై ఎనిమిది తర్వాత నూట ఇరవై తొమ్మిది వచ్చిందా లేదా అని చూసుకున్నాడేగాని, ఏ నవల నూట ఇరవై తొమ్మిదో చూసుకోలేదు.

"కొంప మునిగింది" అంటూ ఆ పుస్తకం చంకలో పెట్టుకుని సైకిలెక్కాడు.

ఆయన వెళ్ళేసరికి హాలు నిండిపోయింది. ముందు వరసలో నెరిసిన జుట్టుతో రచయిత్రి కూర్చుని ఉంది. భార్య మైకు ముందు నిలబడి అప్పుడే నవల మొదటి సగం పూర్తి చేసింది. బైండరు గుమ్మంలోంచి రెండు చేతులూ కలిపి, విడదీసి, అటుదిటు ఇటుదటు చేసి చూపించాడు. సగాలు తారుమారయ్యాయని ఆయన భావం. విడమరిచి చెప్పమంటున్నాడని ఆమెకు అర్థమైంది.

"వివరంగా చెప్తాను" అంది ఆమె. "మొదటి సగమంతా ఆ కోడలు నోరు విప్పదండీ. అత్తగారు తాళాలు ఇవ్వదు, పదిమందిలో ఎగతాళి చేస్తుంది. ఈ పిల్ల నవ్వి ఊరుకుంటుంది. అలా నవ్వి ఊరుకునేవాళ్ళ కడుపులో ఏముంటుందో ఎవరైనా అడిగారా? నూట ఇరవై తొమ్మిదో పేజీలో పెరటి గదిలో శవం దొరుకుతుంది. పెద్దావిడ శవం. డిటెక్టివు వచ్చి ఎవరో గుమాస్తాని పట్టుకుపోతాడు. కానీ చంపిందెవరో మనకి తెలుసు కదండీ!"

బైండరు తల బాదుకున్నాడు. తలెత్తి మాట్లాడమంటున్నాడు కాబోలనుకుని ఆమె తల ఇంకాస్త ఎత్తింది.

"ఆ తర్వాత కోడలి ఊసే ఉండదు. ఎంత ఆలోచించానో! చివరికి తోచింది. ఆ పిల్ల పారిపోయింది. రచయిత్రి గారు పోలీసులకే కాదు, మనకీ చెప్పకుండా దాచిపెట్టారు. నాకు చాలా సంతోషమేసింది."

లెక్చరరు గారు లేచారు.

"నేను చెప్పబోయేదీ అదే. ఆ హత్య ఈ నవలకి ప్రాణం. నేను మూడుసార్లు చదివాను."

"నేనైతే శవం దొరక్కముందే పసిగట్టాను" అన్నారు మేనేజరు గారు. "గుమాస్తా అమాయకుడని మొదటి పేజీలోనే తెలిసిపోతుంది."

ఇక మిగతావాళ్ళు తందాన తాన. ఒకరికి డిటెక్టివు నచ్చాడు, ఒకరికి శవం వర్ణన నచ్చింది. లైబ్రేరియన్ అయితే అక్కడ తనకు కన్నీళ్ళు ఆగలేదన్నాడు. రచయిత్రి ఒక్కొక్కరి మొహమూ చూస్తూ వచ్చి, చివరికి మైకు దగ్గరికి నడిచింది.

"ఆ పుస్తకం ఇలా ఇవ్వమ్మా."

పేజీలు తిప్పింది. ఒకచోట ఆగింది. అక్కణ్ణుంచి తలెత్తి, గుమ్మంలో జిగురు చేతులతో, చెమటలతో నిలబడ్డ మనిషిని చూసింది. ఆమె చూపు వెంట భార్య కూడా చూసింది. భర్త చంకలో డిటెక్టివు, మొహాన నెత్తురుచుక్క లేదు. ఆమెకు మొత్తం తెలిసిపోయింది. ఏడాది తర్వాత నోరు విప్పితే ఇదా!

రచయిత్రి ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"ఈ అమ్మాయి చెప్పినవన్నీ అక్షరాలా ఈ పుస్తకంలో ఉన్నాయి. మీరంతా కూడా ఇదే చదివారని విని నాకు నోట మాట రావట్లేదు. ఎందుకంటే నా నవల్లో శవం లేదు. బైండింగులో ఏదో వచ్చి కలిసింది. ఇలాంటి కాపీ లోకంలో ఇదొక్కటే."

తేలు కుట్టిన దొంగల్లా అందరూ ఫ్యాను వైపు చూశారు. లెక్చరరు గారికి ఉన్నట్టుండి దగ్గొచ్చింది.

"తప్పు నాదేనమ్మా" అంటూ బైండరు చేతులు జోడించి ముందుకొచ్చాడు. "ఆవిడనేం అనకండి. ఆ పుస్తకం ఇవ్వండి, సాయంత్రానికల్లా రెండూ విప్పి సరిచేస్తాను."

"ముట్టుకున్నావంటే ఊరుకోను" అంది రచయిత్రి. తర్వాత బైండరు భార్య వైపు తిరిగి గొంతు తగ్గించింది. "నిజం చెప్పనా? ఆ అత్తగారిని చంపాలనే మొదలుపెట్టానమ్మా. కానీ ఏం చెయ్యను? రాసింది రాసినట్టు మా అత్తగారే చదివేది."

బైండరు భార్య పకపకా నవ్వింది. ఈసారి నవ్వు నిజంగానే నవ్వు. రచయిత్రి ఆ పుస్తకానికి బదులు కొత్తది కొనిస్తానని లైబ్రేరియన్‌ను ఒప్పించి, దాన్ని సంచీలో వేసుకుని వెళ్ళింది. ఆ రోజు టీ లెక్చరరు గారు అందించారు. మొదటి కప్పు ఆమెకే.

ఆ హడావుడిలో బైండరు చంకలోని పుస్తకం లైబ్రేరియన్ తీసుకుని అరలో పెట్టేశాడు. ఆ డిటెక్టివు నవలను ఇప్పటికి చాలామందే చదివారు. హంతకుడు దొరికిన తీరు అద్భుతమని అందరూ అంటున్నారు.