మెడ నుంచి కిందికి

మనిషి మెడ దగ్గర మొదలై నడినెత్తిన ముగుస్తాడన్నది ఈ శతాబ్దపు పరిపాలన సాధించిన అతి గొప్ప ఆవిష్కరణ. కాళ్లూ చేతులూ కూడా మనిషిలో భాగమేనని వైద్యులు ఇంకా వాదిస్తున్నారు గానీ, పాపం వాళ్లకు ప్రకటన బోర్డుల శాఖతో ఎప్పుడూ పని పడలేదు.

ఆ శాఖ నిబంధన చాలా సులువు. బోర్డు మీద మొహం ఉంటే అది వ్యక్తి. బోర్డు పెట్టేవాళ్లు ఆ వ్యక్తి అనుమతి తీసుకోవాలి. మొహం లేకపోతే అది సరుకు. కొలతలు చెబితే చాలు. (ఆ కొలతలు బోర్డువేనని ఎక్కడా స్పష్టంగా రాయలేదు.) ఈ నిబంధన వచ్చినప్పటి నుంచి ఊళ్లో ఆడవాళ్ల బొమ్మలకు తలలు రాలిపోవడం మొదలైంది. సబ్బు ప్రకటనలకు వీపులు మిగిలాయి. చెప్పులకు కాళ్లంటే సరే, సిమెంటుకు నడుము ఎందుకో ఎవరూ అడగలేదు. మగవాళ్ల బొమ్మలకు మాత్రం తలలు భద్రంగానే ఉన్నాయి. బీమా కంపెనీలకు ఆలోచించే మొహాలు కావాలి కదా.

ఇంత సాఫీగా సాగిపోతున్న వ్యవస్థలోకి ఒక బస్సు డ్రైవరమ్మ వచ్చి పడింది. ఒకరోజు దారిలో టైరు పంక్చరైతే, మెకానిక్కు కోసం కాచుకుని కూర్చోకుండా ఆమే వంగి టైరు మార్చింది. ఎవరో ఫొటో తీశారు. నెల తిరక్కుండానే ఆ ఫొటో టైర్ల దుకాణం ప్రహరీకి నిలువెత్తు బోర్డయి కూర్చుంది. మెడ దగ్గర కత్తిరించారు. కింద 'వంపుల్లో పట్టు తప్పదు' అని రాశారు. టైరు కూడా ఉంది, ఒక మూలన, పిలవని పేరంటానికి వచ్చినట్టు.

ఆ ప్రహరీ పక్కనే ఆమె బస్సుకు చివరి స్టాపు. ఆమె కూతురు బడికి వెళ్లడానికి దిగేది కూడా అక్కడే. బోర్డు పెట్టిన రోజు ఆ పిల్ల నాలుగడుగులు వేసి, ఆగి, మళ్లీ బస్సు దగ్గరికి వచ్చింది.

"అమ్మా, అది నీ చెయ్యే కదా? సైలెన్సర్ తగిలి కాలిన మచ్చ ఉంది."

"నా చెయ్యి కాదులే. బడికి టైమవుతోంది, వెళ్లు."

కన్నకూతురికి అబద్ధం చెప్పినందుకు ఆమెకు ఆ పూట అన్నం సహించలేదు. ఆ బోర్డు దిగి తీరాల్సిందేనని సాయంత్రానికల్లా శాఖ మెట్లెక్కింది.

బోర్డుల అధికారి ఆ కుర్చీలోనే తల పండినవాడు. ఫిర్యాదు చదివి నిట్టూర్చాడు.

"బోర్డు మీద పేరు లేదు, మొహం లేదు. గుమ్మడికాయల దొంగ అంటే మీరెందుకమ్మా భుజాలు తడుముకుంటారు?"

"నా ఒళ్లు నేను గుర్తుపట్టనా సార్?"

"మీరు గుర్తుపడితే చెల్లదమ్మా. మీకు సొంత ప్రయోజనం ఉంది. పక్కవాళ్లు గుర్తుపట్టాలి."

కాబట్టి డిపో నుంచి ముగ్గురు సాక్షులను పిలిపించారు: ఏళ్లుగా ఆమె బస్సులోనే టికెట్లు కొడుతున్న కండక్టరు, టైమ్‌కీపరు, క్యాంటీన్ ఓనరు. బోర్డు ఫొటో బల్ల మీద పెట్టీ పెట్టకముందే ముగ్గురూ ఒక్క గొంతుతో ఆమేనన్నారు.

"అంత గట్టిగా ఎలా చెబుతున్నారయ్యా?"

"రోజూ చూసేదే కదా సార్," అన్నాడు కండక్టరు. (రికార్డులో దీన్ని 'నిశిత పరిశీలన' అని రాసుకున్నారు.)

డ్రైవరమ్మకు ఒళ్లు మండిపోయింది. ముగ్గురినీ కాల్చేసేలా చూసింది. అన్నీ గమనించే ఆ ముగ్గురూ ఆ చూపును మాత్రం గమనించలేదు.

"శుభం. ఈ సరుకు మీదేనని రుజువైంది," అన్నాడు అధికారి.

"అయితే బోర్డు తీయిస్తారా?"

"అదెలా కుదురుతుందమ్మా? అభ్యంతరం చెప్పే హక్కు వ్యక్తికి ఉంటుంది గానీ సరుకుకు ఉండదు. తల తెస్తే ఆలోచిద్దాం."

"తల ఇదిగో, ఇక్కడే ఉంది కదండీ!"

అధికారి ఆమె మొహం దాకా చూపు ఎత్తబోయి, (అలవాటు లేక) దారిలోనే ఆగిపోయాడు. "బోర్డు మీద లేదు కదమ్మా," అన్నాడు.

మర్నాటి నుంచి చివరి స్టాపులో ఆమె బస్సు సరిగ్గా బోర్డుకు అడ్డంగా నిలబడటం మొదలుపెట్టింది. ముసలివాళ్లు నిదానంగా దిగాలి. ఇంజను చల్లబడాలి. అద్దం తుడవాలి, తుడిచిన అద్దం ఆరాలి. కూతురు దిగి బడికి వెళ్లేటప్పుడు దాని కంటికి బస్సు తప్ప ఏమీ ఆనలేదు. రోడ్డు మీద వెళ్లేవాళ్లకు కూడా అంతే. దుకాణంలో బేరాలు పడిపోయాయి. టైర్లు మాత్రం ఎప్పటిలాగే గుండ్రంగానే ఉన్నాయి.

దుకాణదారు లబోదిబోమంటూ శాఖకు పరిగెత్తాడు. గుర్తు తెలియని డ్రైవరు ఎవరో తన సరుకును జనం కంట పడనివ్వడం లేదని ఫిర్యాదు. సాక్ష్యంగా బస్సును ఎదురుగా నిలబడి తీసిన ఫొటో ఇచ్చాడు. చేతి అలవాటు కొద్దీ దాన్నీ కత్తిరించాడు గానీ, కంగారులో కింది సగం పోయి పై సగం మిగిలింది. నంబరు ప్లేటు కింది సగంతోనే పోయింది. మిగిలిందల్లా బస్సు అద్దం, అద్దం వెనక ఆమె మొహం. (డ్యూటీ చార్టు చూస్తే తేలిపోయేదే, కానీ నిబంధన అడిగేది సాక్షులను.)

అధికారి ఆ ముగ్గురినే మళ్లీ పిలిపించాడు. ఫొటోలో కళ్లు, ముక్కు, నుదుటి మీద చెమట, పెదవి చివర చిన్న నవ్వు, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. ముగ్గురూ దాన్ని వెలుతురుకు పట్టారు, ఒకరి కళ్లజోడు ఒకరు మార్చుకున్నారు, చాలాసేపు చూశారు.

"ఎవరో కొత్తావిడండీ," అన్నాడు కండక్టరు చివరికి. "మా డిపోలో ఈవిణ్ని ఎప్పుడూ చూడలేదు."