హెరిటేజ్ బస్సుకి దారివ్వండి

"రోడ్డు మీద నడిచేది బస్సు కాదు, మన చరిత్ర" అని రవాణా మంత్రిగారు ప్రకటించగానే, అందరికన్నా ముందు చప్పట్లు కొట్టినవాడు డిపో మేనేజరు. అప్పటికి రీజనల్ మేనేజరు కుర్చీ ఖాళీగా ఉంది. మంత్రిగారి చల్లని చూపు ఎటు పడితే కుర్చీ అటు జరుగుతుంది.

డిపో షెడ్డు వెనక కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్న ఓ పాతబస్సుని బయటికి లాగించారు. దానికి పూర్వవైభవం తెచ్చే పనిని మంత్రిగారు బాగా ఆలోచించి సొంత బావమరిదికే అప్పగించారు. బయటివాళ్ళకి చరిత్ర మీద అంత ప్రేమ ఉండదు కదా. బావమరిది కూడా చిన్నచూపు చూడలేదు. ఎర్రరంగు వేయించాడు, ఇత్తడి హారను బిగించాడు, వెల్వెట్ సీట్లు, కిటికీలకి లేసుతెరలు పెట్టించాడు.

"ఇంజను సంగతేంటండీ?" అని మేనేజరు వినయంగా అడిగాడు.

"ఇంజను బయటికి కనపడుతుందా?" అన్నాడు బావమరిది.

"కనపడదండీ."

"మరి?"

మేనేజరు బానెట్టు మూసేసి, ఇత్తడి హారను ఒకసారి మోగించి చూశాడు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్తే అత్తగారు వచ్చి ఉన్నారు. ఆవిడ కాపురం ఊరవతల కొండమీది కాలనీలో. అక్కడికి వెళ్ళేది ఒకే ఒక్క బస్సు.

"అల్లుడుగారూ, మా బస్సు తలుపు ఊడిపోయింది. తాడు కట్టుకుని తిరుగుతున్నాం. కొత్త బస్సు వేయించకూడదూ?"

"తప్పకుండా వేయిద్దాం అత్తయ్యగారూ. ముందు పాతబస్సు పూర్తికానివ్వండి."

పాతబస్సు తొలి విహారయాత్ర రోజున మంత్రిగారు కండక్టరు టోపీ పెట్టుకుని స్వయంగా విజిల్ వేశారు. బస్సులో విలేకర్లు, బావమరిది, దేశదేశాల పాతబస్సులు ఎక్కి దిగిన ఒక నిపుణుడు ఉన్నారు. చెరువు పక్క చదును రోడ్డు మీద బస్సు హాయిగా సాగింది. నీటి మీంచి వచ్చిన గాలికి లేసుతెరలు ఎగిరాయి. దారిన పోయేవాళ్ళు నవ్వుతూ ఆగి చూశారు. మేనేజరుకి నిజంగానే మనసు తేలికయింది. కుర్చీ రాకపోయినా ఫరవాలేదని కూడా ఒక్క క్షణం అనుకున్నాడు. మరుక్షణం సర్దుకున్నాడు.

కొండ ఎక్కే మొదటి మలుపులో బస్సు రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది.

"దీన్ని హెరిటేజ్ హాల్ట్ అంటారు. ఆ రోజుల్లో ఇక్కడే ఆగేవాళ్ళు" అన్నారు మంత్రిగారు.

విలేకర్లు రాసుకున్నారు. ఇంతలో బానెట్టులోంచి పొగ లేచింది.

"ఆవిరి" అన్నారు మంత్రిగారు.

"ఇది డీజిలు బస్సు కదండీ?" అన్నాడు నిపుణుడు.

"ఆ రోజుల్లో డీజిలు కూడా అంత స్వచ్ఛంగా ఉండేది."

అంతా దిగి చరిత్రని రోడ్డు పక్కకి నెట్టారు. ఫొటో తీసేదాకా మంత్రిగారు కూడా చెయ్యి వేశారు. సరిగ్గా అప్పుడే కింద మలుపులోంచి తలుపుకి తాడు కట్టిన కాలనీ బస్సు మూలుగుతూ వచ్చింది.

"ఎక్కండి, పైన దింపేస్తా" అన్నాడు డ్రైవరు.

ఎక్కారు. లోపల కూరల సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నావిడ, టోపీ చూసి మంత్రిగారిని కండక్టరనుకుని, "బాబూ, మెట్టు మీద నిలబడకు, లోపలికి జరుగు" అన్నారు. మంత్రిగారు జరిగారు. ఆవిడ తన అత్తగారని గుర్తుపట్టిన మేనేజరు డ్రైవరు వీపు వెనక నక్కాడు.

నిపుణుడు మాత్రం పరవశించిపోయాడు. చెక్క నేల తడిమాడు, తోలుపట్టీతో లాగే కిటికీని లాగి చూశాడు. డ్రైవరు పక్కన తయారీ సంవత్సరం చెక్కి ఉన్న ఇనుపరేకు తుడిచి చదివి, ఈ బస్సు ఆ ఎర్రబస్సుకన్నా పాతదని చెప్పాడు.

"ఒక్క భాగం కూడా మార్చలేదు. ఇంత నిజాయితీగా కాపాడిన బస్సుని నేనెక్కడా చూడలేదు. ఎవరండీ ఆ పుణ్యాత్ముడు?"

మంత్రిగారు మేనేజరు వైపు చూశారు.

"ఏళ్ళ తరబడి ఒక్క స్పేరు పార్టు ఇవ్వకుండా కాపాడుకొస్తున్నామండీ" అన్నాడు మేనేజరు. జీవితంలో ఆయన పైవాళ్ళకి చెప్పిన మొదటి నిజం అదే. "అంతా తమరి విజన్ అండీ."

మంత్రిగారు అక్కడికక్కడే ఆ బస్సుని హెరిటేజ్ బస్సుగా ప్రకటించారు.

"మరి కాలనీవాళ్ళకో?" అని డ్రైవరు అడిగాడు.

"కమిటీ వేశాం" అన్నారు మంత్రిగారు.

మేనేజరుకి కుర్చీ వచ్చింది. కొత్త హోదాలో ఆయన ఎక్కిన మొదటి యాత్రలో బస్సుకి పూలదండలు కట్టారు. తాడుకి మాత్రం, చారిత్రక ప్రాధాన్యం దృష్ట్యా, ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు. మార్కెట్టు స్టాపు దగ్గర కాలనీ జనం సంచీలతో నిలబడి ఉన్నారు. బస్సుని చూడగానే అందరికన్నా ముందు అత్తగారు చెయ్యెత్తారు. వెనకే అందరూ ఎత్తారు.

"చూశారా, జనం ఎంత ప్రేమగా చేతులూపుతున్నారో" అన్నారు మంత్రిగారు, తనూ చెయ్యి ఊపుతూ.

"అవునండీ" అన్నాడు మేనేజరు. ఆయనా ఊపాడు.

బస్సు స్టాపు దాటింది. అత్తగారు సంచీ చంకలో బిగించి బస్సు వెంట పరుగెత్తడం మొదలుపెట్టారు.

"అభిమానమంటే అదీ" అన్నారు మంత్రిగారు, కిటికీలోంచి దణ్ణం పెడుతూ.