బాగానే ఉన్నానంటే నమ్మరేం!

ఆ రోజు పొద్దున్న సైకాలజిస్టు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. జైలుకి వెళ్ళాలి, బాబాయ్‌ని ఇంటర్వ్యూకి తయారుచేయాలి, పదకొండింటికి విడుదల కమిటీ ముందు కూర్చోబెట్టాలి, మధ్యాహ్నానికల్లా గేటు బయట అతని కూతురికి అప్పజెప్పాలి, ఆ తర్వాత ఒక్క రోజైనా వేళకి ఇంటికొచ్చి అత్తగారు నోరెళ్ళబెడుతుంటే చూడాలి. అంతే! ఇందులో సైరను లేదు, చేతిమైకు లేదు, డాళ్ళు పట్టుకున్న వార్డర్లు అసలే లేరు.

గుమ్మం దాటుతుంటే అత్తగారు వెనక్కి పిలిచారు.

"అమ్మాయ్, ఆ జుట్టేంటి పిచ్చుక గూడులాగ! కమిటీవాళ్ళు నిన్నే ఖైదీ అనుకుంటారు."

"టైమైపోతోంది అత్తయ్యా!"

"అయితే అవనీ. ఇటు తిరుగు." రెండు నల్ల సైడుపిన్నులు తీసి చెరో చెవి పైనా కసుక్కున గుచ్చేశారు. ఆ హడావుడిలో భోజనం డబ్బా బల్లమీదే ఉండిపోయింది.

ఈ బాబాయ్ సైకాలజిస్టుకి చుట్టమేమీ కాదు. జైలు మొత్తానికీ బాబాయే, సూపరింటెండెంటుతో సహా. ఒకప్పుడు అతను తీయలేని తాళం లేదు. తీసి ఊరుకోకుండా లోపల ఏముందో కూడా చూసేవాడు కాబట్టి ఇక్కడికొచ్చాడు. ఆరేళ్ళ కిందట సైకాలజిస్టు ముందు కూర్చుని, "ఇంక చచ్చినా తాళం ముట్టుకోను మేడం" అన్నాడు. నిజంగానే ముట్టుకోలేదు. సబ్బుపెట్టె మూత బిగుసుకుంటే పక్కవాడి చేత తీయించుకునేవాడు. స్నానాల గది గడియ కూడా పెట్టేవాడు కాదు, లోపల మనిషున్నట్టు తెలియాలని గొంతెత్తి పాడేవాడు. ఆ పాట భరించలేక బ్యారక్‌లో అందరూ వచ్చి, "బాబాయ్‌కి గడియ పెట్టుకోమని చెప్పండి మేడం, మీకు దండం పెడతాం" అని మొత్తుకున్నారు. సైకాలజిస్టు ఇదంతా తన రిపోర్టులో రాసింది. కమిటీ నమ్మాల్సింది ఆ ఒక్క మాటే, ఈ మనిషి చేతులు మారాయి అని.

కూతురు సంగతి ఇంకా గట్టిది. సిటీబస్సు నడుపుతుంది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా చూడటానికి రాలేదు. కిందటి వారం మాత్రం కబురు పెట్టింది. "సెలవు పెట్టి గేటు దగ్గరుంటాను. ఒక్కసారే. మళ్ళీ ఏదో ఒకటి చేసి లోపలే ఉండిపోతే, ఇంక నాకు నాన్న లేడనుకుంటాను." బాబాయ్ అప్పట్నుంచీ అన్నం సరిగ్గా తినలేదు.

ఇక సైకాలజిస్టు కింద పని నేర్చుకుంటున్న ట్రైనీ అమ్మాయి ఉంది. ఏం చెప్పినా కళ్ళు ఇంతింత చేసుకుని వినేది, విన్నదంతా నమ్మేది, నమ్మినదంతా చేసేది. పై అధికారికి ఇంతకన్నా ప్రమాదకరమైన మనిషి ఎక్కడా దొరకదు. ఖైదీ ఎవరినైనా బందీగా పట్టుకుంటే ఏం చేయాలో సిబ్బందికి సైకాలజిస్టు క్లాసు చెప్పినప్పుడు ఆ అమ్మాయి ముందు వరసలోనే కూర్చుంది.

"బందీ బాగానే ఉన్నానంటే అస్సలు నమ్మొద్దు!" అని సైకాలజిస్టు బల్ల గుద్ది మరీ చెప్పింది. "తలుపు తీయమని బతిమాలినా తీయొద్దు! నోరు బందీదే కానీ మాట పక్కన కత్తి పట్టుకున్నవాడిది!"

చప్పట్లు మోగాయి. ఆ ఊపులో రెండు రహస్యపు మాటలు కూడా పెట్టింది, గొడుగు, చెంచా. ఒకటి అంటే నిజంగా క్షేమం, రెండోది అంటే పరిస్థితి చేయి దాటింది. ఎవరైనా మర్చిపోతే తనని అడగమని కూడా చెప్పింది.

సరే, పొద్దున్న కౌన్సెలింగ్ గదిలో తాలీము మొదలైంది. ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకి ఇంటర్‌కం ఫోను, వేసీ వేయగానే దానంతటదే తాళం పడిపోయే ఇనప తలుపు. సైకాలజిస్టు ఛైర్మనులా గద్దించి ప్రశ్నలడిగితే బాబాయ్ నాలుక పిడచకట్టుకుపోయింది.

"ఇలా కాదు బాబాయ్, తిరగేద్దాం. మీరు ఛైర్మను, నేను మీరు. గట్టిగా అడగండి."

బాబాయ్‌కి ఛైర్మను పదవి వెంటనే వంటబట్టింది. కాలుమీద కాలేసుకుని బల్లమీద గుద్దాడు.

"ఏం చూసి వదలాలి నిన్ను? వదలను!"

కాలేజీ రోజుల్లో నాటకాల్లో బహుమతులు కొట్టిన మనిషి సైకాలజిస్టు. గొంతు పగిలేలా ఏడ్చింది. "వదిలేయండి సార్! మీ కాళ్ళు పట్టుకుంటాను! ఇంటి దగ్గర నాకోసం ఎదురుచూస్తుంటారు సార్!"

సరిగ్గా అప్పుడే ట్రైనీ తలుపు అవతల నుంచి వెళుతోంది.

ఆ అమ్మాయి కేక పెట్టలేదు, పరిగెత్తలేదు, రెండూ చేయకూడదని పాఠంలో ఉంది. పిల్లిలా నడిచి సూపరింటెండెంటు గదికి వెళ్ళింది. కాసేపటికి ఇంటర్‌కం మోగింది.

"మేడం," అంది ట్రైనీ, తేనెలో ముంచి తీసిన గొంతుతో, "మీరు... బాగానే ఉన్నారా?"

"బాగానే ఉన్నానమ్మా. ఏంటి?"

అవతల పెన్ను బరబరా గీసిన చప్పుడు. "అర్థమైంది మేడం," అని పెట్టేసింది.

ఏం అర్థమైందో సైకాలజిస్టుకి అర్థం కాలేదు. బయట బూట్ల చప్పుడు వినిపిస్తే చూద్దామని లేచి హాండిల్ పట్టుకుని లాగింది. హాండిల్ చేతిలోకి వచ్చేసింది. తలుపు మాత్రం రాలేదు. హాండిల్ ఉండాల్సిన చోట ఒక కన్నం మిగిలింది. వెంటనే ఫోన్ చేసింది.

"అమ్మా, హాండిల్ ఊడిపోయింది. ఎవరినైనా తలుపు తీయమను."

"అలాగే మేడం. మీరు కంగారు పడకండి. ఊపిరి నెమ్మదిగా తీసుకోండి."

"ఊపిరి కాదమ్మా, తలుపు! తాళంచెవి అక్కడ వార్డరు నడుముకే ఉంటుంది!"

"తలుపు తీయమని బందీ అడిగితే తీయకూడదన్నారు కదా మేడం... సరే, ఆయనకి ఏం కావాలంట?"

"ఎవరికి, బాబాయ్‌కా? ఆయనకి విడుదల కావాలి, ఇంకేం కావాలి!"

అవతల ట్రైనీ ఎవరితోనో అనడం స్పష్టంగా వినిపించింది. "సార్, డిమాండు వచ్చేసింది."

సైకాలజిస్టుకి తను చెప్పిన పాఠం మొత్తం కళ్ళముందు గిర్రున తిరిగింది. ఒక్క మాట మాత్రం సగమే తిరిగింది.

"బాబాయ్, గొడుగు అంటే క్షేమమా, చెంచా అంటే క్షేమమా?"

"నాకెలా తెలుస్తుంది మేడం? ఖైదీలకి తెలియకూడదనే కదా పెట్టుకున్నారు!"

గొడుగు కింద మనిషి క్షేమంగా ఉంటాడు కదా అని ఆవిడ తర్కించింది. మళ్ళీ ఫోన్ ఎత్తి, ధీమాగా, ఒత్తి ఒత్తి పలికింది. "గొడుగు."

సైరను మోగింది.

"అయితే చెంచా అన్నమాట," అన్నాడు బాబాయ్ దిగులుగా.

"చెంచా! చెంచా! చెంచా!" అని ఫోనులో అరిచింది కానీ, అప్పటికే ఆలస్యమైపోయింది. భయంతో మేడం మతి చలించిందని ట్రైనీ కన్నీళ్ళు పెట్టుకుంది.

జైలంతా ఎక్కడిదక్కడ ఆగిపోయింది. వరండాలో డాళ్ళు, లాఠీలు, హెల్మెట్లు దిగాయి. పదకొండింటికి రావాల్సిన కమిటీ ముందే వచ్చి కూర్చుంది. ఛైర్మను ఒక రిటైర్డు జడ్జిగారు, పెద్దావిడ. బందీ వ్యవహారం ఎప్పుడూ ప్రత్యక్షంగా చూడలేదని కుర్చీ తెప్పించుకుని వరండాలోనే వేయించుకున్నారు. ఇంటివాళ్ళ గొంతు వినిపిస్తే పట్టుకున్నవాడి మనసు కరుగుతుందని కూడా పాఠంలో ఉంది. ట్రైనీ ముందుగా సైకాలజిస్టు ఇంటికి ఫోన్ చేసి ఇంటర్‌కంకి కలిపింది.

"బాబూ," అన్నారు అత్తగారు, "నువ్వెవరో నాకు తెలీదు. మా అమ్మాయి పొద్దున్న డబ్బా మర్చిపోయింది. ఆకలేస్తే అది మనిషి కాదు. నీ మంచికే చెబుతున్నా, వదిలేయ్ నాయనా."

వరండాలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"నేను పట్టుకోలేదమ్మగారూ!"

"అందరూ అదే అంటారు నాయనా."

"అత్తయ్యా, నేను బాగానే ఉన్నాను!"

"ఆ మాట నువ్వు పెళ్ళైన కొత్తలో కూడా అన్నావు. నూట మూడు జ్వరం!"

సైకాలజిస్టు నుదురు కొట్టుకుని ఫోను వదిలేసింది. అది తీగకి వేలాడుతూ గోడకి టకటకా కొట్టుకుంది. ఇద్దరూ నవ్వబోయారు కూడా. అంతలో తలుపు అవతల చేతిమైకు గరగరలాడింది.

"నాన్నా. నేను."

బాబాయ్ నవ్వు అక్కడే ఆగిపోయింది. ఆ గొంతు విని ఆరేళ్ళ పైమాటే.

"డిపోలో అందరికీ చెప్పుకొచ్చాను, మా నాన్న వస్తున్నాడని. కొత్త చొక్కా కొన్నాను, నీ సైజు తెలీక రెండు కొన్నాను. నాదే బుద్ధితక్కువ. ఆవిడని వదిలేయ్ నాన్నా. నేను వెళ్ళిపోతున్నాను."

బాబాయ్ లేచి తలుపు దగ్గరికి వెళ్ళాడు. హాండిల్ ఊడిన కన్నం కేసి చూశాడు. చూడగానే అతనికి ఆ తాళం గుట్టంతా తెలిసిపోయిందని సైకాలజిస్టుకీ తెలిసిపోయింది.

"చిటికెలో పని మేడం. తీసేస్తే అది చూస్తుంది కదా, నేను ఎవరినీ పట్టుకోలేదని."

"ముట్టుకోకండి బాబాయ్! కమిటీ బయటే ఉంది. మీరు తాళం తీస్తే నా రిపోర్టు అబద్ధమైపోతుంది, మీ ఆరేళ్ళూ అబద్ధమైపోతాయి. విడుదల ఉండదు."

"విడుదల పోతే పోనీండి. అది అలా అనుకుని వెళ్ళిపోకూడదు మేడం." చేయి చాచాడు. కన్నానికి బెత్తెడు దూరంలో చేయి ఆగిపోయింది. మళ్ళీ చాచాడు, మళ్ళీ ఆగింది. రెండు చేతులూ చంకల్లో దాచేసుకుని చిన్నపిల్లాడిలా బిక్కమొహం పెట్టాడు. "వెళ్ళట్లేదు మేడం. మీకు మాటిచ్చానుగా. నా చేయి నా మాటే వినట్లేదు."

సైకాలజిస్టు తలలోంచి అత్తగారు గుచ్చిన పిన్ను ఊడబెరికింది.

"మీరు ముట్టుకోవద్దు. గోడవైపు తిరిగి, చేతులు తలమీద పెట్టుకుని చెప్పండి. నేను తీస్తాను."

"మీరా!"

"మాట్లాడకండి. అంటే, మాట్లాడండి. చెప్పండి!"

బాబాయ్ గోడకి తిరిగాడు. సైకాలజిస్టు మోకాళ్ళమీద కూర్చుని పిన్ను కన్నంలో దూర్చి కుమ్మింది. పిన్ను వంకరపోయింది.

"కుమ్మకండి మేడం. బలవంతం చేస్తే ఇంకా బిగుసుకుంటుంది. నెమ్మదిగా పెట్టి, అది ఏం చెబుతోందో వినండి."

"ఇది నేను మీకు చెప్పే మాట కదా!"

"మనుషుల గురించి మీ దగ్గరే నేర్చుకున్నాను. తాళాల గురించి ముందే తెలుసు."

వంకరపోయిన పిన్ను పళ్ళ మధ్య కరుచుకుని ఆవిడ రెండోది దూర్చింది. ఈసారి ఊపిరి బిగబట్టి వింది. లోపల ఏదో చిన్నగా కదిలింది.

"కదిలింది బాబాయ్!"

"దాన్ని అలాగే పట్టుకోండి. సంతోషంలో వదిలేస్తారు, అందరూ అక్కడే వదిలేస్తారు. ఆఁ, ఇప్పుడు కొంచెం పైకి."

టక్.

తలుపు తెరుచుకుంది. అటువైపు డాళ్ళు, వాటి వెనక సూపరింటెండెంటు, కుర్చీలో జడ్జిగారు, మైకు పట్టుకుని ట్రైనీ, వెళ్ళిపోతానన్నా వెళ్ళలేక నిలబడిన కూతురు. ఇటువైపు జుట్టంతా రేగిపోయి, పళ్ళమధ్య పిన్నుతో, చేతిలో పిన్నుతో సైకాలజిస్టు. గోడకి తిరిగి చేతులు తలమీద పెట్టుకుని నిలబడ్డ బాబాయ్. ఉరికొచ్చిన వార్డర్లు ఎవరిని పట్టుకోవాలో తెలియక సూపరింటెండెంటు మొహం కేసి చూశారు.

"ఎవరినీ ముట్టుకోకండి," అన్నారు జడ్జిగారు. "ఏమ్మా, ఫోను పెట్టేయడం మర్చిపోయావు."

అందరూ వినాలని పాఠంలో ఉంది కాబట్టి, ట్రైనీ ఆ ఇంటర్‌కంని మొదట్లోనే వరండా స్పీకరుకి కలిపేసింది. అత్తగారు చెప్పిన జ్వరం దగ్గర్నుంచి బాబాయ్ చేయి మాట వినకపోవడం దాకా జైలు జైలంతా వింది.

"నీ కోసం బోలెడన్ని ప్రశ్నలు తెచ్చానయ్యా," అన్నారు జడ్జిగారు బాబాయ్‌తో. "ఒక్కటీ అడగక్కర్లేకుండా పోయింది. నువ్వు ఇంటికి వెళ్ళచ్చు. నాకిప్పుడు ఈవిడ చేతులమీదే కొంచెం అనుమానంగా ఉంది."

బాబాయ్ ఇంకా గోడకే తిరిగి ఉన్నాడు. కూతురే లోపలికొచ్చి భుజంమీద చేయి వేసింది. "చాల్లే నాన్నా, ఇటు తిరుగు. చొక్కాలు రెండూ సరిపోయేట్టు లేవు. ఇంత చిక్కిపోయావేంటి?"

గేటు బయట అద్దె కారు ఆగి ఉంది. దాని పక్కన బాబాయ్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఎక్కవేం?"

"డోరు..."

"నువ్వే తీసుకో నాన్నా."

బాబాయ్ తిరిగి సైకాలజిస్టు కేసి చూశాడు. ఆవిడ తలూపింది. అతను ఆ డోరుని ఎంత నెమ్మదిగా తీశాడంటే, వెనక ట్రాఫిక్ మొత్తం ఆగి హారన్లు కొట్టింది.

బందీగా ఉండి బయటపడినవాళ్ళకి మర్నాడే కౌన్సెలింగ్ తప్పనిసరి అని కూడా ఆ పాఠంలో ఉంది. జైల్లో ఇంకో సైకాలజిస్టు లేరు కాబట్టి ఆ బాధ్యత ట్రైనీమీద పడింది. గేటు దగ్గర సైకాలజిస్టు పిన్నులు తీసేసుకుని, కొత్త హాండిల్ బిగించిన అదే గదిలో, ఖైదీ కుర్చీలో కూర్చోబెట్టారు. ట్రైనీ కళ్ళు ఇంతింత చేసుకుని, తేనెలో ముంచిన గొంతుతో అడిగింది.

"ఇప్పుడు ఎలా ఉన్నారు మేడం?"

"బాగానే ఉన్నానమ్మా," అంది సైకాలజిస్టు.

ట్రైనీ జాలిగా తలూపి, ఇంకో ఆరు సిట్టింగులు రాసింది.