తెర వెనక నది

ఒక పెద్ద అడవిలో, నదికి బాగా దూరంగా, పల్లేరుదిబ్బ అనే ఊరుంది. ఊరంటే మరీ ఊరేం కాదు. కొన్ని బండలు, కాసిని తుమ్మచెట్లు, మిగతాదంతా పల్లేరుకాయలు. అక్కడ కుందేళ్ళు, ముళ్ళపందులు, తొండలు కాపురముండేవి. అధికారులు ఆ ఊరి గురించి చాలా బాధపడేవాళ్ళు. బాధపడటానికి అక్కడిదాకా వెళ్ళక్కర్లేదు కాబట్టి ఆఫీసులోనే కూర్చుని బాధపడేవాళ్ళు.

ఆ ఊళ్ళో బడి ఒకటే, పంతులమ్మ ఒకతే. పేరు తాయారమ్మ. జాతికి ముంగిస. తాచుపాముకైనా బెదరదు గానీ, పిల్లల ప్రశ్నలకి మాత్రం హడలిపోయేది.

ఒకనాడు నది పాఠం చెబుతూ, "నది అంటే ఆగకుండా పారే నీరు" అంది.

పల్లేరుదిబ్బలో నీళ్ళంటే వానలప్పుడు బండల గుంటల్లో నిలిచేవే. పారే నీళ్ళు ఏ పిల్లా చూడలేదు.

"దాన్ని ఎవరు లాగుతారు టీచరమ్మా?" అంది కుందేలు పిల్ల బుల్లెమ్మ.

"ఎవరూ లాగరే. అదే పోతుంది."

"ఎక్కడికి?"

"సముద్రానికి."

"అలా పోతా ఉంటే అయిపోదా?" అన్నాడు తొండపిల్ల సన్నాసి.

తాయారమ్మైనా నదిని చిన్నప్పుడెప్పుడో ఒక్కసారి చూసింది, అంతే. "మిమ్మల్ని తీసుకెళ్ళి చూపిస్తాను, అక్కడే అడుగుదురుగాని" అనేసింది. అన్నాక గానీ తెలియలేదు, ఎంత మాట అన్నదో. ఆ రోజు నుంచి పొద్దున లేస్తే పిల్లలది ఒకటే ప్రశ్న: "ఎప్పుడు టీచరమ్మా?"

చివరికి ఆవిడ కాళ్ళీడ్చుకుంటూ బాలవికాస అధికారి నక్కగారి ఆఫీసుకి వెళ్ళింది. నదికి వెళ్ళే దారి పెద్దల పేటలోంచి పోతుంది. నక్కగారి అనుమతి లేనిదే అక్కడ పిల్లల గుంపుని అడుగు పెట్టనివ్వరు.

"నదే కదా? భేషుగ్గా చూపిద్దాం టీచరుగారూ!" అన్నాడు నక్క, చెయ్యి ఊపుతూ. "కానీ ఊరికే చూపిస్తే ఏం బావుంటుంది? కార్యక్రమం పెడదాం. 'వెనుకబడిన బాలలకు నవ్యానుభవం!' సింహం ప్రభువులు ముఖ్య అతిథి. మన నెమలిగారు పిల్లలకి స్వాగత గీతం నేర్పుతారు."

"అయ్యా, అవన్నీ ఎందుకండీ? మా పిల్లలు నది చూస్తే చాలు."

"నది కూడా ఉందమ్మా కార్యక్రమంలో. వందన సమర్పణ అయ్యాక. సమయం ఉంటే." నక్క గొంతు తగ్గించాడు. "అన్నట్టు, మీ బడిలో పిల్లలు మరీ తక్కువ. మూసేద్దామని ఒక ఆలోచన ఉంది. కార్యక్రమం సజావుగా జరిగిందనుకోండి, ఆ ఆలోచన మానుకుంటాను. పిల్లల వరస చెదిరిందనుకోండి..."

అని నవ్వాడు. నక్క నవ్వితే ఎంత ప్రమాదమో తాయారమ్మకి తెలుసు.

అనుకున్న రోజు రానే వచ్చింది. పిల్లలు పల్లేరుకాయలు తొక్కుకుంటూ, కుంటుకుంటూ, పాటలు పాడుకుంటూ పొద్దెక్కకముందే నది ఒడ్డున మైదానానికి చేరుకున్నారు. చేరితే ఏముంది, నది కనిపించలేదు. వేదికని సరిగ్గా నదికి అడ్డంగా కట్టారు. వేదిక వెనక, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా, ఒక పెద్ద తెర. ఆ తెర మీద నది బొమ్మ. నీలం రంగు నీళ్ళు, గులాబి రంగు తామరలు, రెండు హంసలు. అసలు నది పాపం తెర వెనక గలగలమంటోంది.

"ఏమండీ, నది అక్కడే ఉంది కదా, మళ్ళీ బొమ్మ ఎందుకు?" అంది తాయారమ్మ.

"అసలు నది ఫొటోల్లో బాగా రాదండీ" అన్నాడు నక్క. "నిరుడు తీయిస్తే బురదబురదగా వచ్చింది."

నెమలి వచ్చి పిల్లల్ని వరసలో నిలబెట్టాడు. తలో ఆకుటోపీ పెట్టి, తలో జెండా ఇచ్చాడు. "ముఖాలు కాస్త దీనంగా పెట్టండమ్మా. ఆ, అలాగ. ఇప్పుడు పాట! వెనుకబడితిమి మేము, వెలుగు చూపితిరి మీరు..."

ముందు వరస కుర్చీల్లో అధికారుల పిల్లలు కూర్చున్నారు. నక్కగారి కూనలు జీడిపప్పు ఉప్మా తింటున్నాయి. పల్లేరుదిబ్బ పిల్లలకి ఫలహారం ముఖ్య అతిథి వెళ్ళాకే. ముందే పెడితే మూతులకి అంటుకుంటుందని నెమలి భయం.

"మరి కొద్ది క్షణాల్లో ప్రభువులు వేంచేస్తున్నారు!" అని మైకులో చిలుక అరిచింది.

క్షణాలు గడిచాయి. ఎండ నడినెత్తికి పాకింది. చిలుక అదే మాట అరుస్తూనే ఉంది. పెద్దవాళ్ళు ఆలస్యంగా రావడం ఆ అడవిలో మర్యాద. తొందరగా వస్తే ఖాళీగా ఉన్నారనుకుంటారు.

"అయ్యా, వారు వచ్చేలోపు పిల్లల్ని అలా వెనక్కి తీసుకెళ్ళి ఒక్కసారి చూపించుకు వస్తానండీ" అని తాయారమ్మ బతిమాలింది.

"అమ్మమ్మమ్మ! టోపీలు తడవవూ?" అన్నాడు నెమలి.

"ముఖ్య అతిథి కంటే ముందు పిల్లలు నది చూడటమా?" అన్నాడు నక్క. "ఇంకేమైనా ఉందా?"

తాయారమ్మకి ఒళ్ళు మండిపోయింది. కానీ బడి గుర్తొచ్చి కోపం దిగమింగుకుంది. అంతలో వరసలోంచి బుల్లెమ్మ చిటికెనవేలు ఎత్తింది.

"టీచరమ్మా, ఒకటికి!"

అది పాపం నిజంగానే వచ్చింది. ఏ బడిలోనైనా, ఏ అడవిలోనైనా, ఆ వేలు లేచిందంటే కాదనడానికి వీల్లేదు. నక్క కూడా చిరాగ్గా తల ఊపాడు. "తెర వెనక్కి వెళ్ళి వెంటనే వచ్చెయ్."

బుల్లెమ్మ తెర వెనక్కి వెళ్ళింది. వెంటనే రాలేదు. తరవాతా రాలేదు. కాసేపటికి తెర వెనక నుంచి "ఓలమ్మో, లాగుతోందే!" అని కేక, ఆ వెంటనే కిలకిల నవ్వు వినిపించాయి.

తాయారమ్మ తెర వైపు రెండడుగులు పరిగెత్తి, నవ్వు విని ఆగింది. వరస వైపు తిరిగి, ఎంతో అమాయకంగా, "ఇంకా ఎవరికైనా వస్తోందర్రా?" అంది.

వేళ్ళే వేళ్ళు. సన్నాసి రెండు చేతులూ ఎత్తాడు.

"ఇంతమందికి ఒకేసారా?" అని నెమలి గుడ్లు తేలేశాడు.

"ఎండ దెబ్బండీ. ఆపితే ఇక్కడే..." అంది తాయారమ్మ.

నెమలి తన పింఛాన్ని గబుక్కున నేల మీంచి ఎత్తి పట్టుకుని దారిచ్చాడు. పిల్లలంతా బిలబిలమంటూ తెర వెనక్కి పోయారు. ఆఖరున మైదానంలో తాయారమ్మ ఒక్కతే మిగిలింది. ఆవిడ కూడా నక్క వంక చూసి, చిటికెనవేలు ఎత్తి, వెళ్ళిపోయింది.

తెర వెనక నది ఎండలో మిలమిలలాడుతోంది. ముళ్ళపంది పిల్ల పోలయ్య మునుగుతాడేమోనని ఆవిడ పరిగెత్తింది గానీ, వాడు హాయిగా తేలుతున్నాడు. సన్నాసి ఒక మద్ది ఆకు ఎక్కి పడవ నడుపుతున్నాడు. బుల్లెమ్మ మోకాలి లోతులో నిలబడి, "టీచరమ్మా, ఇందాకటి నీళ్ళు వెళ్ళిపోయాయి! ఇవి కొత్తవి! మళ్ళీ కొత్తవి!" అని గొంతు చించుకుంటోంది.

తాయారమ్మకి ఏడుపొచ్చింది. సంతోషంతోనే. బడి పోతే పోయింది, ఈ ఒక్క పూట చాలనిపించింది. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని ఆవిడా నీళ్ళలోకి దిగింది.

సరిగ్గా అప్పుడే బాకా మోగింది. ముఖ్య అతిథి వచ్చేశాడు.

తాయారమ్మ పరుగున వచ్చి తెర చిరుగులోంచి తొంగి చూసింది. మైదానంలో పిల్లల వరస లేదు. నక్క ముఖం నెత్తురు చుక్క లేకుండా పాలిపోయింది. అటు చూశాడు, ఇటు చూశాడు, ముందు వరస కుర్చీల మీద పడ్డాడు. తన కూనల్ని, తోటి అధికారుల పిల్లల్ని చెవులు పట్టి లేపి, ఇంత దుమ్ము తీసి ముఖాలకి పూసి, వరసలో నిలబెట్టాడు.

సింహం వచ్చాడు. ఆయనకి పిల్లలంటే ప్రాణం. కాకపోతే ఎప్పుడూ వేదిక మీంచే చూడటం వల్ల ఏ పిల్ల ఏ జాతిదో పోల్చుకోలేడు. ఒక నక్క కూన బుగ్గ నిమిరి అడిగాడు: "మీ నాన్న ఏం చేస్తాడు బాబూ?"

"మీటింగులు పెడతాడు" అంది కూన.

"పాపం, పనేమీ దొరకలేదన్నమాట." సింహం కళ్ళు తడయ్యాయి. "నీకు చెట్టెక్కడం వచ్చా?"

"ఊహూ. కింద పడతానని అమ్మ ఎక్కనివ్వదు."

"నేల తవ్వడం?"

"గోళ్ళు పాడవుతాయి."

"పోనీ, ఎప్పుడైనా నదిలో దిగావా?"

"అమ్మో, బురద! దూరం నుంచే చూడమంటారు."

"నది పక్కనే ఉండి నది ఎరగరా! నా రాజ్యంలో ఇంత వెనుకబడిన పిల్లలు ఉన్నారా!" అని సింహం గర్జించాడు. కుర్చీలు గడగడలాడాయి.

అంతలో తెర వెనక నుంచి నవ్వులు వినిపించాయి. సింహం వెళ్ళి తెర పట్టుకుని ఒక్క లాగు లాగాడు. హంసలతో సహా బొమ్మ నది కుప్పకూలింది. అసలు నదిలో పిల్లలు, ఒడ్డున తడిసి ముద్దయిన ముంగిస కనబడ్డారు.

"ఆహా, పిల్లలంటే అలా ఉండాలి! ఏమి హుషారు!" అన్నాడు సింహం. "ఎవరి పిల్లలమ్మా వీళ్ళు?"

తాయారమ్మ నక్క వైపు చూసింది. నక్క కళ్ళతోనే కాళ్ళు పట్టుకుంటున్నాడు. సన్నాసి ఏదో చెప్పబోతే ఆవిడ వాడి ముఖాన దోసెడు నీళ్ళు కొట్టింది.

"అధికారిగారినే అడగండి ప్రభూ" అంది వినయంగా.

"నీ పిల్లలా?" అన్నాడు సింహం.

"చి... చిత్తం" అన్నాడు నక్క.

"ఈ చెవులేమిటి ఇంత పొడుగు?"

"అమ్మమ్మ పోలిక ప్రభూ."

"మరి వీడి ముళ్ళు?"

"మా మామగారి వైపు ప్రభూ. ఆవిడ వీళ్ళ పంతులమ్మ."

సింహం తృప్తిగా తల పంకించాడు. "పిల్లల్ని ఇలా తీర్చిదిద్దిన పంతులమ్మ బడిలోనే ఆ వెనుకబడిన పిల్లలు కూడా చదవాలి. రేపే చేర్చు. నెలనెలా అందర్నీ ఈ నదికి తీసుకురావాలి. ముందు వీళ్ళకి ఉప్మా పెట్టించు!"

ఆజ్ఞ అంటే ఆజ్ఞే. నక్క కూనలు, తోటి అధికారుల పిల్లలతో సహా, పల్లేరుదిబ్బ బడిలో చేరాయి. మొదటి రోజే కూనల కాళ్ళలో పల్లేరుకాయలు గుచ్చుకున్నాయి. నక్కగారి భార్య కూనల అరికాళ్ళు చూసి ఇల్లెగిరిపోయేలా అరిచింది. ఇన్నేళ్ళుగా అధికారులు సాధ్యం కాదన్న బాట వారం తిరక్కుండా పడింది. కూనలకి దాహమేసింది, బావి తవ్వారు. కూనలకి ఎండ తగిలింది, బడికి పైకప్పు వేశారు. మూసేసే ఆలోచన ఎవరికీ గుర్తు లేదు. మొన్నటి వానల్లో నక్క వచ్చి తాయారమ్మని, "టీచరుగారూ, ఇంకో గది కావాలా?" అని తనే అడిగాడు.

కూనలు మాత్రం గోళ్ళు అరిగేలా నేల తవ్వుతున్నాయి. నెలనెలా బుల్లెమ్మ వాటిని నదిలోకి తోస్తోంది. బడి వదిలాక ఇంటికి రమ్మంటే చెట్టెక్కి కూర్చుంటున్నాయి. ఇది చూసి నెమలి కూడా ఒకరోజు తాయారమ్మ గుమ్మంలో నిలబడి, "మా పిల్లలకీ ఓ సీటు చూడండమ్మా, మీకు తెలియంది కాదు, వాళ్ళు కూడా చాలా వెనుకబడ్డారు" అని చేతులు నలుపుకున్నాడు.

ఆ అడవి పెద్దలు పైకి ఒప్పుకోని నీతి ఇది: ఏ పల్లెటూరి బడైనా బాగుపడాలంటే, ముందు అధికారిగారి పిల్లలు వెనుకబడాలి.