జూద మండలి పెద్దలకు దిష్టి తీయండి!

మన దేశంలో నిస్వార్థంగా కష్టపడేవాళ్ళెవరని అడిగితే నేను తడుముకోకుండా చెబుతాను. జూద నియంత్రణ మండలి పెద్దలు! నవ్వకండి. మీరు నవ్వినా వాళ్ళకేమీ కాదనుకోండి. వాళ్ళ ఆఫీసు కాసాబ్లాంకాలో, మేడ చివరి అంతస్తులో ఉంది. మన నవ్వులు అంత ఎత్తుకు ఎక్కలేవు.

అధ్యక్షులు ఫౌజీ సక్కాత్ గారు మొన్నటిదాకా గుర్రప్పందేల కంపెనీ నడిపినాయనే కదా అని గిట్టనివాళ్ళు మూతి విరుస్తారు. అయితే ఏమిటట? జూదమంటే ఏమిటో తెలియనివాణ్ణి తెచ్చి ఆ కుర్చీలో కూర్చోబెడతారా? ఆయన నిద్రలో కూడా గుర్రాల పేర్లే కలవరిస్తారట! అంత అనుభవం మనలో ఎవరికుంది? నాకున్నదల్లా ఒక్క గుర్రంతో పరిచయం. పడుచు వయసులో దాని మీద పందెం కాశాను. అది ఇంకా పరుగెడుతూనే ఉంది. సంతరోజున అప్పుడప్పుడు ఎదురై, "ఏం హాజీ, ఇంకెంత దూరం ఉందంటావు?" అని ఆయాసపడుతూ అడుగుతుంది.

ఉపాధ్యక్షురాలు మదాం నజ్వా గారిదీ అదే దారి, కాకపోతే ఆవిడ అటునుంచి ఇటు కాదు, ఇటునుంచి అటు. మండలిలో పదవి ముగిసే రోజుకి జూదం మెషీన్ల కంపెనీలో ఆవిడ కుర్చీ తుడిచి సిద్ధంగా పెట్టారట. రెండు ఆఫీసులూ ఎదురెదురు. పెద్దలు రోడ్డు దాటితే బూట్లకి దుమ్మవుతుందని మధ్యలో వంతెన కట్టారనీ, దాని మీద రద్దీ పెరిగిపోయి ట్రాఫిక్ పోలీసుని పెట్టారనీ విన్నాను. చెప్పినవాడు మా హమ్మాం స్నానశాలలో ఒళ్ళు రుద్దే మనిషి. ఒంటిమీద గుడ్డ లేని చోట ఎవరూ అబద్ధమాడరు.

అంతటివాళ్ళు మా ఊరు అజెమ్మూర్‌కి వచ్చారు! రప్పించిన ఘనత లల్లా తామూది.

తామూ మా వీధి చివర పొరల రొట్టెలు కాలుస్తుంది. మొగుడి పేరు కబ్బూర్, నదిలో చేపలు పడతాడు. బంగారంలాంటి మనిషి, ఆదివారం తప్పిస్తే. మా బువజ్జా కాఫీ హోటలుకి సరిగ్గా ఎదురుగా లైసెన్సున్న పందేల దుకాణం వెలిసింది. గోడ కనిపించకుండా టీవీలు, టీవీల నిండా గుర్రాలు. పందేల వేళకి కబ్బూర్ కాళ్ళు వాటంతటవే అటు లాగేవి. గాడిద పోయింది. దాని వెనకే జీను పోయింది. ఇంక మిగిలింది పడవ.

పడవ పోతే ఇల్లు మునుగుతుంది. అందుకని తామూ మాతో ఒక ఏర్పాటు చేసుకుంది. ఆదివారం పందేలు ముగిసేదాకా మేం ముగ్గురు ముసలాళ్ళం కబ్బూర్‌ని బువజ్జా హోటల్లో కూర్చోబెట్టుకుని రోండా పేక ఆడించాలి. ఓడినవాడు అందరికీ పుదీనా టీ ఇప్పించాలి. ఓడేది మాత్రం మేమే! గెలుస్తున్న మగాడు బల్ల దగ్గర్నుంచి లేవడని ఆమె లెక్క.

ఓడడం తేలికనుకున్నారా? ఒకప్పుడు రోండాలో సైతానుని ఓడించి తోక కత్తిరించి పంపినవాణ్ణి, కబ్బూర్ చేతిలో ఓడాలి! పళ్ళు బిగబట్టి ఓడాను. చలికాలమంతా ఆ పడవ నదిలోనే ఉంది.

కాని ముసలాళ్ళం, ఎన్నాళ్ళుంటాం? మొగుణ్ణి ఆ దుకాణంలోకి రానివ్వకుండా చెయ్యమని తామూ ఊరి అధికారి ఖాయిద్ గారి కచేరీ ముందు రోజూ గొంతెత్తేది. ఆ గొంతు భరించలేక ఆయన మండలికి కబురు పెట్టాడు.

పెద్దలు ఆదివారం నాడే దిగారు. అధ్యక్షులవారు దుకాణంలోకి అడుగుపెట్టగానే మేనేజరు పరుగున వచ్చి వాటేసుకున్నాడు. "నా చేతుల్లో పెరిగినవాడు!" అని ఆయన మురిసిపోయారు. గోడ మీద "మితంగా ఆడండి" అన్న బోర్డు ఉంది. అది వంకరగా లేదు కదా అని స్వయంగా తల వంచి చూశారు. తనిఖీ అయిపోయింది.

గుమ్మంలో తామూ అడ్డుపడింది, పిండి చేతులతోనే.

"అయ్యా, మా ఆయన్ని లోపలికి రానివ్వొద్దని వీళ్ళకో మాట చెప్పండి, చాలు."

"దానికో పద్ధతుందమ్మా. ఆయనే వచ్చి, నన్ను రానివ్వకండి అని అడగాలి."

"ఎక్కడికి రావాలి?"

"ఇక్కడికే. లోపల కౌంటరుంది. పందేల టైములో తెరుస్తారు."

"అంటే రాకుండా ఉండడానికి రావాలా?"

"అదేనమ్మా వ్యక్తి స్వేచ్ఛ," అన్నారు మదాం నజ్వా.

"మీ ఇంట్లో ఎలకలకి కూడా ఇలాగే చెబుతారా తల్లీ? బోనులోకొచ్చి మాట్లాడుకోమని?"

మదాం గారికి దాహం వేసింది. అందరూ రోడ్డు దాటి మా హోటలుకే వచ్చారు. సరిగ్గా అప్పుడే నేను, "బువజ్జా, ఇంకో కెటిల్! ఓడింది నేనే!" అని కేక పెట్టాను.

అధ్యక్షులవారి చెవులు నిక్కపొడుచుకున్నాయి. "ఏం చేస్తున్నారిక్కడ?"

"ఓడిపోతున్నామండీ."

"ఓడితే ఏమిస్తారు?"

"టీ."

"అంటే పందెమే!" అన్నారు మదాం. "అందులో చక్కెర కూడా వేస్తారా?"

"దండిగా వేస్తామండీ. తమరికి పొయ్యమంటారా?"

"లైసెన్సుందా?"

"టీ కాయడానికుందమ్మా," అన్నాడు బువజ్జా.

"ఓడడానికి?"



పేకముక్కలు సంచిలోకి, బల్లకి ఎర్ర లక్క సీలు! మళ్ళీ పేక కనబడితే హోటలే మూయిస్తామన్నారు. అక్రమ జూదగృహాన్ని పట్టుకున్నామని ఫొటోలు దిగారు. అంతకుముందే కెటిల్ ఖాళీ చేశారు లెండి. సాక్ష్యాన్ని పారబోయడం నేరం కదా!

కబ్బూర్ చేతులతో ఏం చెయ్యాలో తెలియనట్టు నిలబడ్డాడు. ఎదుటి దుకాణంలో తర్వాతి పందేనికి గంట మోగింది.

"హాజీ, ఇంక ఆట లేదా?"

"లేదు నాయనా. చట్టం ఒప్పుకోదు."

"మరి అక్కడ?"

"అక్కడ ఒప్పుకుంటుంది."

అతను రోడ్డు మీదికి అడుగు వేశాడు. వెళ్ళిపోతున్న అధ్యక్షులవారి కారు మర్యాదగా ఆగి, అతనికి దారిచ్చింది.

ఇప్పుడా పడవ మీద ఇంకెవరో వల వేస్తున్నారు. కబ్బూర్ వాళ్ళ దగ్గర కూలికి తెడ్డు వేస్తున్నాడు. నిన్న తామూ నా చేతిలో వేడి రొట్టె పెడుతూ అడిగింది.

"హాజీ, జూదాన్ని అదుపు చెయ్యడమేగా వాళ్ళ పని? మనం చేసిందీ అదే కదా? మరి మన బల్లనెందుకు మూసేశారు?"

"అందుకే మూసేశారు తల్లీ," అన్నాను. "వాళ్ళు చెయ్యాల్సిన పనిని మనం లైసెన్సు లేకుండా చేశాం."